మన బోలి, మన కీబోర్డు: అక్షరమూ కంప్యూటరూ కలిసి నడిచిన చరిత్ర

మన గోర్‌బోలికి లిపి లేదు అనే మాట తాండాల్లో తరతరాలుగా వింటున్నాం. ఆ మాటలో సగమే నిజం. మనకంటూ సొంత లిపి లేకపోవచ్చు, కానీ రాసుకునే వీలు మాత్రం ఎప్పుడూ ఉంది. తెలంగాణలో తెలుగు అక్షరాలతో, కర్ణాటకలో కన్నడ అక్షరాలతో, మహారాష్ట్రలో దేవనాగరితో మనవాళ్లు పాటలు, భజనలు, పొడుపు కథలు రాసుకుంటూనే ఉన్నారు. భువనగిరి ప్రాంతానికి చెందిన కేతావత్ సోంలాల్ గారు భగవద్గీతను తెలుగు లిపిలోనే మన బోలిలోకి తెచ్చారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ రోజు మన ముందున్న ప్రశ్న వేరు. రాసిన అక్షరం కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి వెళ్లాక బతుకుతుందా? వెతికితే దొరుకుతుందా? మన మనవళ్లు తెరిచి చదవగలరా? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే భాషలకూ కంప్యూటర్‌కూ మధ్య ఇప్పటిదాకా ఏం జరిగిందో తెలియాలి. కంప్యూటర్ భాషలను మార్చింది, భాషలు కూడా కంప్యూటర్‌ను మార్చాయి. మన యువతకు ఆ చరిత్రను అందించాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

కంప్యూటర్‌కు ముందే మొదలైన పని

గిరిజన భాషలను అక్షరాల్లో పెట్టే పని కంప్యూటర్‌తో మొదలుకాలేదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజున. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే ఆయన చాలామందికి తెలుసు. అంతకంటే ముందు ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం బడులు పెట్టించారు, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. అయితే సవరలో తెలుగు లిపికి అందని ధ్వనులు కొన్ని ఉన్నాయి. అందుకే 1931లో వచ్చిన సవర వ్యాకరణ గ్రంథంలో ఆయన రోమన్ ఆధారిత ధ్వనిలిపిని వాడారు.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. లిపిని ఎంచుకోవడమంటే ఏ ధ్వనులను నిలుపుకోవాలి, ఎవరు చదవాలి, ఎక్కడ అచ్చు వేయాలి అనేవన్నీ కలిపి తేల్చుకోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 8 గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడూ ఇదే ప్రశ్న ఎదురైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషలకు తెలుగు లిపిలోనే వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడు ఇంటి మాటతో చదువు మొదలుపెట్టి, అదే లిపితో తెలుగులోకి వెళ్లగలగడం ఆ ఎంపికలోని సౌకర్యం.

128 గదుల పెట్టె

ఇక కంప్యూటర్ సంగతికి వద్దాం. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కేటాయించి, ఆ అంకెనే దాచుకుంటుంది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక తయారైంది. అందులో మొత్తం 128 గదులు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు, యంత్రానికి కావలసిన కొన్ని ఆదేశాలు వాటిలో సరిపోయాయి. మిగతా ప్రపంచ భాషలకు ఆ పెట్టెలో చోటు లేదు.

తెలుగు అచ్చుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ఫాంట్ కంపెనీలు ఒక ఉపాయం చేశాయి. ఇంగ్లిష్ అక్షరం ఉండాల్సిన గదిలో తెలుగు ముక్క బొమ్మను పెట్టాయి. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో పెట్టి, ఆ ముక్కలను పక్కపక్కన అతికించి అక్షరం కట్టేవారు. అను, శ్రీలిపి వంటి పేర్లు మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సంఘాల సావనీర్లు, ఎన్నో పుస్తకాలు ఆ పద్ధతిలోనే అచ్చయ్యాయి. వాటి మేలు మరిచిపోలేం. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని తప్పింది, చిన్న ఊళ్లలో కూడా తెలుగు అచ్చు సాధ్యమైంది.

కానీ ఏ ముక్క ఏ గదిలో ఉండాలో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా నిర్ణయించింది. ఒక ఫాంట్‌లో కొట్టిన ఫైలును ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపించేవి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కానే కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లిష్. అందుకే దానిలో ఒక మాట వెతకాలన్నా కుదరదు, వరుసలో పేర్చాలన్నా కుదరదు. అలా కొట్టిన మన పాటల సీడీ ఏ బీరువాలోనైనా ఉంటే, ఆ ఫాంట్ దొరికినంతకాలమే దానికి ఆయుష్షు.

అదే కాలంలో, 1990ల మొదట్లో, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగు విద్యార్థులు ఇంకో దారి వెతికారు. ఇంగ్లిష్ కీబోర్డు మీదే తెలుగును ఒక పద్ధతి ప్రకారం కొడితే, దాన్ని ప్రోగ్రామ్ తెలుగు అక్షరాల్లోకి మార్చేలా ఆర్‌టీఎస్ అనే విధానం తయారుచేశారు. ఎ, ఎం, ఎం, ఎ అని కొడితే ‘అమ్మ’ వస్తుంది. ఇప్పుడు మీ ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వస్తోందంటే దాని వెనక ఆలోచన ఇదే.

దేశ భాషలన్నిటికీ ఒకే వరుస

మన దేశంలోనూ ఒక మంచి పని జరిగింది. భారతీయ లిపుల్లో చాలావాటి వర్ణమాల వరుస ఒకటే. క ఖ గ ఘ ఙ, చ ఛ జ ఝ ఞ. ఐఐటీ కాన్పూర్‌లోనూ, తర్వాత పుణేలోని సీడాక్‌లోనూ పనిచేసిన నిపుణులు దీన్నే ఆధారంగా తీసుకున్నారు. 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చింది. అందులో ‘క’ కీ తెలుగుకైనా, కన్నడకైనా, హిందీకైనా ఒకే చోట ఉంటుంది. 1991లో ఇస్కీ అనే పట్టికకు జాతీయ ప్రమాణంగా గుర్తింపు వచ్చింది. అందులోనూ అన్ని లిపుల ‘క’కు అంకె ఒకటే.

అదే సంవత్సరం అక్టోబరులో యూనికోడ్ మొదటి సంచిక వెలువడింది. ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ వేరే అంకె ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మొదటి సంచికలోనే తెలుగుకు 128 గదులు దక్కాయి. భారతీయ లిపుల గదులను ఇస్కీ వరుసలోనే అమర్చారు. అంటే దేవనాగరి పెట్టెలో ‘క’ ఎన్నో గదిలో ఉందో, తెలుగు పెట్టెలోనూ, కన్నడ పెట్టెలోనూ అదే గదిలో ఉంటుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మన బోలి సంగతి వచ్చినప్పుడు దీనితో పని ఉంది.

అంకె ఇచ్చినంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. అయినా సెట్టింగుల్లోకి వెళ్లి భారతీయ భాషల సౌకర్యాన్ని ప్రత్యేకంగా ఎక్కిస్తేనే తెలుగు సరిగా కనిపించేది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను కూడా ఆయనే చేశారు. వీవెన్ గారి ‘లేఖిని’తో ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయడం సులువైంది. వీళ్లలో చాలామంది ఈ పనిని జీతం కోసం చేయలేదు, తమ భాష తెర మీద కనిపించాలన్న పట్టుదలతో చేశారు.

భాష యంత్రాన్ని మార్చిన తీరు

ఇంగ్లిష్ అక్షరాలు గోడ ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మన అక్షరం అలా కాదు. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి కనిపించేది ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అవి 6 అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం. ఈ ఆరింటినీ చదివి, ఏది పైన, ఏది కింద, ఏది పక్కన అని తేల్చి ఒక్క ఆకారంగా అల్లాలి. ఇంగ్లిష్ కోసం పుట్టిన యంత్రానికి ఈ విద్య తెలియదు. తెలుగు, కన్నడ, తమిళం, అరబిక్ వంటి లిపుల వల్లనే అక్షరాలను అల్లే ప్రత్యేక ప్రోగ్రాములు రాయాల్సి వచ్చింది, ఫాంట్ల లోపల నియమాల పట్టికలు చేర్చాల్సి వచ్చింది.

ఆ అల్లిక ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞ’ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆపైన ఆకారం ఉన్న తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. చాలామంది దీన్ని జోక్‌గా తీసుకున్నారు. నిజానికి ఇందులో తెలుగు తప్పేమీ లేదు. తెలుగు అక్షరం ఎన్ని రకాలుగా కలుస్తుందో యంత్రం అప్పటికి పూర్తిగా నేర్చుకోలేదు, అంతే.

పట్టిక కూడా ఒక్కసారిగా పూర్తి కాలేదు. చాప, జాము అన్నప్పుడు మనం పలికే దంత్య చ, జలకు తెలుగులో ౘ, ౙ అనే అక్షరాలున్నాయి. అవి 2008లో గానీ యూనికోడ్‌లోకి రాలేదు. అక్షరం కింద చుక్క పెట్టి కొత్త ధ్వనిని సూచించే నుక్తా గుర్తు తెలుగుకు 2021లో వచ్చింది. ఆధారాలు చూపి అడిగినవాళ్లకు గది దొరికింది. అడగని అక్షరం బయటే ఉండిపోతుంది.

యంత్రం భాషను మార్చిన తీరు

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. పాత ఫోన్లలో ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పట్టేవి. తెలుగులో రాస్తే 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘తాండా’ అన్న చిన్న మాటే 5 తింటుంది. పైగా చాలా ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనిపించేది. అందుకే ఒక తరం మొత్తం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు ఫోన్లు మారినా అలవాటు పోలేదు.

మా హాస్టల్‌లో చదివి కాలేజీలకు వెళ్లిన పిల్లలు మాకు పంపే మెసేజ్‌లలో మన బోలి మాటలు ఉంటాయి, కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. అలా రాసినప్పుడు ద, డ రెండూ ఒకటైపోతాయి. ల, ళ ఒకటైపోతాయి. న, ణ ఒకటైపోతాయి. మన బోలిలో ఈ తేడాలన్నీ ప్రాణం ఉన్న తేడాలే. ఇంట్లో ఆ మాట విన్నవాడికి పర్వాలేదు, సందర్భాన్ని బట్టి పోల్చుకుంటాడు. పట్నంలో పుట్టి మన మాటను రాతలో మొదటిసారి చూసే పిల్లకు ‘యాడి’లో ఉన్నది డకారమో దకారమో ఎలా తెలుస్తుంది?

తెలుగు అంకెలు ముందే అచ్చులో వెనకబడ్డాయి, కంప్యూటర్ కాలంలో దాదాపు కనుమరుగయ్యాయి. కొత్త మాటలూ పుట్టాయి. ‘అంతర్జాలం’ అన్న మాట నెట్‌లో తెలుగు రాసేవాళ్ల మధ్య వ్యాపించి పత్రికలకెక్కింది. ‘కీబోర్డు’, ‘ఫోన్’, ‘ఛార్జింగ్’ ఉన్నవి ఉన్నట్టే నిలిచాయి. ఏది నిలిచింది, ఏది పోయింది అన్నది జనం వాడుకే తేల్చింది. మన బోలిలో కూడా అంతే. మాట అరువు తెచ్చుకున్నందువల్ల భాష చావదు, వాడకపోతేనే చస్తుంది.

గుంజాల నుంచి సంతాలీ దాకా

గిరిజన భాషలు ఈ దారిలో ఎంత దూరం వెళ్లాయో రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది మన తెలంగాణదే. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. అప్పటికి ఊళ్లో కొద్దిమంది పెద్దలే ఆ లిపిని చదవగలిగేవారు. తర్వాత ఫాంట్ తయారైంది, వాచకాలు వచ్చాయి. అన్షుమన్ పాండే అనే లిపి నిపుణుడు యూనికోడ్ సంస్థకు ప్రతిపాదన రాశారు. 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లో చేరింది. దానికి ముందు ఏడాది, 2017లో, మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లో రూపొందించిన మసరాం గోండి లిపి చేరింది. గూగుల్ ‘నోటో’ పేరుతో ఈ రెండు లిపులకూ ఉచిత ఫాంట్లు ఇచ్చింది. అక్షరం లేనప్పుడు తెర మీద కనిపించే ఖాళీ డబ్బాలను సాంకేతికులు ‘టోఫు’ అంటారు. ‘టోఫు ఉండకూడదు’ అన్న అర్థంలోనే ఆ ఫాంట్లకు నోటో అని పేరు పెట్టారు.

రెండోది సంతాలీ. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని సృష్టించారు. 2003 నాటి రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 2008లో ఓల్ చికి యూనికోడ్‌లోకి వచ్చింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. 2024లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో సంతాలీ చేరింది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అనే అనువాద యాప్‌ను ప్రారంభించింది. ఐఐటీ ఢిల్లీ నాయకత్వంలో జరిగిన ఆ పనిలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. మొదటి విడతలో సంతాలీ, భిలీ, ముండారి, గోండి భాషలున్నాయి.

ఈ రెండు కథలను పక్కపక్కన పెడితే ఒక నిజం కనిపిస్తుంది. లిపికి యూనికోడ్‌లో చోటు దొరకడం గడప దాటడం మాత్రమే. ఆ తర్వాత ఫోన్‌లో కీబోర్డు ఉండాలి, రాసేవాళ్లు ఉండాలి, చదివేవాళ్లు ఉండాలి. సంతాలీ ముందుకు వెళ్లిందంటే లిపి ఒక్కటే కారణం కాదు. బడిలో, పత్రికలో, వికీపీడియాలో రోజూ రాసేవాళ్లు ఉన్నారు.

మన బోలి ఎక్కడుంది?

2011 జనగణనలో లమాణి లేదా లంబాడి తమ మాతృభాష అని చెప్పినవారు 32 లక్షలకు పైగా ఉన్నారు. బంజారీ అని చెప్పినవారు 15 లక్షలకు పైగా ఉన్నారు. రెండూ కలిపితే 48 లక్షలు దాటుతారు. కానీ ఈ రెండు పేర్లనూ హిందీ కింద ఉన్న మాతృభాషల జాబితాలోనే చూపించారు. అంటే మనం ‘మా భాష ఇది’ అని చెప్పినా, మొత్తం లెక్క హిందీ ఖాతాలోకి వెళ్లింది. ప్రపంచ భాషలకు మూడేసి అక్షరాల గుర్తులిచ్చే అంతర్జాతీయ ప్రమాణంలో మాత్రం లంబాడికి ‘ఎల్‌ఎంఎన్’ అని సొంత గుర్తు ఉంది. కంప్యూటర్ లోకంలో మనకు చిరునామా అయితే ఉంది, ఆ ఇంట్లో సామాను ఇంకా సర్దుకోలేదు.

అనువాద యంత్రాలు, మాట వింటే రాసిపెట్టే యంత్రాలు గాలిలోంచి భాష నేర్చుకోవు. రాసిన వాక్యాలు, రికార్డు చేసిన గొంతులు లక్షల్లో ఇస్తేనే నేర్చుకుంటాయి. మన బోలి రాత మూడు లిపుల్లో చెదిరి ఉంది. మహారాష్ట్ర సోదరుడు దేవనాగరిలో రాసిన ‘యాడి’ని, మనం తెలుగు లిపిలో ‘యాడి’ అని వెతికితే కంప్యూటర్‌కు మామూలుగా దొరకదు. ఒకే తల్లిని పిలిచే మాట, కంప్యూటర్‌కు మూడు వేర్వేరు మాటలు.

ఇక్కడే ఇందాకటి ఒకే వరుస మనకు ఉపయోగపడుతుంది. దేవనాగరి, తెలుగు, కన్నడ పెట్టెల్లో అక్షరాల గదులు ఒకే క్రమంలో ఉన్నాయి కాబట్టి, ఒక లిపి రాతను ఇంకో లిపిలోకి మార్చే ప్రోగ్రాము ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు సులువుగా రాయగలరు. లిపి ఏది అన్న తగవులో ఏళ్లు గడపనక్కర్లేదు. ఎవరి లిపిలో వారు రాసినా అందరూ చదువుకోవచ్చు.

అయితే దానికి ఒక షరతు ఉంది. వర్ణక్రమంలో ఒప్పందం కావాలి. ఉదాహరణకు, దేవనాగరిలో ‘ఘర’ అని రాసి ‘ఘర్’ అని చదువుతారు. చివరి పొల్లు రాయరు. తెలుగులో పొల్లు రాయాలి. ప్రోగ్రాము గుడ్డిగా మారిస్తే మనకు ‘ఘర’ అనే వస్తుంది. ముక్కుతో పలికే అచ్చులకు కొందరు సున్నా పెడతారు, కొందరు ‘న్’ రాస్తారు, కొందరు అసలు చూపించరు. తెలుగువాళ్లు వదిలేసిన అరసున్న మన బోలికి అక్షరాలా పనికొచ్చే గుర్తు, యూనికోడ్‌లో దానికి గది కూడా ఉంది. ఒత్తక్షరాల సంగతీ అంతే. మామూలు తెలుగు మాటలో ఘ, ఛ, ఢలను తేలిక చేస్తాం, మన బోలిలో తేలిక చేస్తే మాటే మారిపోతుంది.

మన పేర్లలో, మాటల్లో చివర పొల్లు ఎక్కువ. ‘నాయక్’కు ‘లు’ చేరిస్తే కంప్యూటర్ ‘నాయక్లు’ అని ఒత్తు కలిపేస్తుంది. ‘నాయక్‌లు’ అని విడిగా రావాలంటే మధ్యలో విడదీత గుర్తు కొట్టాలి. ఐఫోన్ కథలో చూసిన గుర్తు ఇదే. చాలా తెలుగు కీబోర్డుల్లో ఈ గుర్తు ఉంటుంది. కీ ఎక్కడుందో ఒకసారి చూసుకుంటే చాలు.

యువత చేతిలో ఉన్న పని

పెద్ద సంస్థలు వచ్చి చేసేదాకా ఆగాల్సిన పని కాదిది. మొదట, ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని మన బోలిని తెలుగు అక్షరాల్లో రాయండి. రోజుకు నాలుగు వాక్యాలైనా చాలు. రెండోది, పాత ఫాంట్లలో ఉన్న పాటల ఫైళ్లు, సావనీర్లు, కరపత్రాలు ఏ తాండాలో ఏ బీరువాలో ఉన్నాయో వెతికి యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని తప్పులు దిద్దండి. మూడోది, ఢావ్లో పాడే అవ్వల గొంతులు, తీజ్ పాటలు, ఢాడీలు చెప్పే వంశగాథలు రికార్డు చేయండి. వారి అనుమతి తీసుకోండి. పాడినవారి పేరు, తాండా పేరు, తేదీ తప్పకుండా రాయండి. పేరు లేని గొంతును రేపు ఎవరైనా తమదని చెప్పుకోవచ్చు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యమైనది. మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాల తాండాల నుంచి నాయక్‌లు, కార్‌భారీలు, టీచర్లు, చదువుకునే పిల్లలు ఒకచోట కూర్చుని మన బోలికి ఒక వర్ణక్రమ పట్టిక తయారుచేయాలి. ఈ ధ్వనికి ఈ గుర్తు, ఇక్కడ పొల్లు, ఇక్కడ అరసున్న అని రెండు పేజీల్లో రాసుకుంటే చాలు. తర్వాత కర్ణాటక, మహారాష్ట్ర గోర్ సోదరులతో దాన్ని సరిపోల్చుకోవచ్చు. ఐదోది, జనగణన సిబ్బంది ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష గడిలో మన బోలి పేరు స్పష్టంగా చెప్పండి. రాసుకున్నది ఏమిటో చూపించమని అడగండి.

ఒకప్పుడు మన పూర్వీకులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశమంతా తిరిగారు. దారిలో ఎన్నో భాషలు విన్నారు, మాట్లాడారు, బేరాలు చేశారు. రాత్రి మకాం దగ్గర మాత్రం సొంత బోలిలోనే పాడుకున్నారు. అలా కాపాడుకున్నారు కాబట్టే అది మనదాకా వచ్చింది. తెలుగు, ఇంగ్లిష్ బాగా నేర్చుకోండి, వాటితో బతుకు దారి వేసుకోండి. దానితోపాటు మన బోలిని కీబోర్డు మీదికి ఎక్కించండి. వంద ఏళ్ల తర్వాత ఒక తాండా పిల్ల ‘యాడి’ అని వెతికితే జవాబు రావాలి. ఆ జవాబు రాయవలసింది మన చేతులే.

జై సేవాలాల్!